తొడుగు తీయని సోఫా

"ఇవాళ ఈ ఇల్లు అమ్ముడైపోతుంది, చూస్తూ ఉండు. పొద్దుట్నుంచీ నా గుండె దడదడలాడుతోంది" అంది తల్లి, లోపల పడుకున్న పిల్ల లేవకుండా మెల్లగా కిటికీ అద్దం తుడుస్తూ.

"నీ గుండె దడదడలాడని రోజేది?" అన్నాడు ఆమె భర్త. రంగులు వేసే పనికి బయల్దేరుతూ మరకల చొక్కా తొడుక్కుంటున్నాడు. "ఈసారైనా నోరు మెదపకు. పోయినసారి వచ్చినవాళ్లని హడలగొట్టి పంపావని బ్రోకరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు."

"నేనెవర్నీ హడలగొట్టలేదయ్యా. నాకున్న భయం చెప్పానంతే."

"తల్లీ, అదే చెప్పొద్దంటున్నా!" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఊరి చివర కొత్తగా లేచిన వీధి అది. అందులో అన్నిటికంటే పెద్ద ఇల్లు ఇదే. మనుషులు మసలని ఇల్లు ఎంత కొత్తదైనా దెయ్యాల కొంపలా కనిపిస్తుంది కదా. అందుకని అమ్ముడయ్యేదాకా ఒక కుటుంబాన్ని అద్దె లేకుండా కాపురం ఉంచడం అక్కడి బిల్డర్ల పద్ధతి. గుమ్మం దగ్గర చెప్పులుండాలి, తీగ మీద బట్టలారాలి, పొయ్యి మీద ఏదో ఒకటి కుతకుతలాడాలి. హాల్లో సోఫాకున్న ప్లాస్టిక్ తొడుగు మాత్రం తీయకూడదు. దానిమీద కూర్చోకూడదు. ఇల్లు అమ్ముడైన రోజున మూటాముల్లె సర్దుకోవాలి. ఎక్కడికి అని అడగకూడదు.

కారు వచ్చి ఆగింది. బ్రోకరు ముందు తనొక్కడే దిగి గబగబా గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమ్మా, ఇవాళ నోరు తెరిచావో, బేరం కుదిరినా కుదరకపోయినా సాయంత్రానికి మీ సామాను వీధిలో ఉంటుంది. తెలిసిందా?"

తెలిసిందని తల ఊపింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అమ్ముడైతే వీధి. మాట్లాడితే వీధి. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఎటూ వీధే అయినప్పుడు నోరెందుకు మూసుకోవాలి?

చూడవచ్చినావిడ ఒక్కతే. ఇస్త్రీ బట్టలు, ధగధగలాడే చేతిసంచి. భర్త పనిమీద వేరే ఊళ్లో ఉన్నాడట, ఈవిడకు నచ్చితే చాలట. చెప్పులు విడిచి, ఎవరి కాళ్లకీ అడ్డం రాకుండా గోడవారగా సర్దిపెట్టింది.

"కూర్చోండి మేడమ్!" అని బ్రోకరు సోఫా చూపించాడు.

ఆవిడ సోఫావైపు చూసి, నిలబడే ఉంది.

"హాలు చూశారా? పిల్లలు బంతాట ఆడుకోవచ్చు!"

"ఆడుకోవచ్చండీ" అంది తల్లి. "ఆ బంతి ఈ అద్దాల గోడకి తగిలిన రోజున మాత్రం అరికాళ్లలో గాజుముక్కలు ఏరుకుంటూ కూర్చోవాలి."

బ్రోకరు కళ్లెర్రజేసి, వచ్చినావిడను మెట్లవైపు తిప్పేశాడు. "పాలరాయి మేడమ్! నడుస్తుంటే మన మొహం మనకే కనిపిస్తుంది."

"జారిపడేటప్పుడు కూడా కనిపిస్తుందండీ. ఇంకా దగ్గరగా."

"బాల్కనీలోంచి ఊరంతా..."

"ఆ కమ్మీల సందులో పిల్లల తల దూరుతుంది. మళ్లీ వెనక్కి రాదు. నేను బట్టలారేసినంతసేపూ మా పిల్లను నడుముకి తాడేసి కట్టుకుంటాను."

"వంటింట్లో గాలి చూడండి, ఎంత ధారాళంగా..."

"ఆ గాలికే పొయ్యి ఆరిపోతుంది. ఆరిందని మనకి తెలియదు, గ్యాసుకి తెలుస్తుంది. నేనైతే పడుకుని కూడా లేచి లేచి చూసొస్తాను."

చూడవచ్చినావిడ ఒక్క మాటా అనడం లేదు. గోడలనూ చూడటం లేదు. తల్లి మొహాన్నే చూస్తోంది. పాఠం వల్లెవేసే పిల్లలా ఆవిడ పెదాలు మాత్రం చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

"ఇంకొక్క మాట మాట్లాడావంటే!" బ్రోకరు పళ్లు నూరాడు.

"మాట్లాడతాను. నోరు మూసుకోమంటే మూసుకుంటాను గానీ, భయాన్ని ఏ గిన్నెలో పెట్టి మూతెయ్యను? ఈ ఇంట్లో పడుకుని లేచేది నేను బాబూ, మీరు కాదు. సాయంత్రానికి మా సామాను వీధిలో వెయ్యండి. అక్కడ కనీసం మెట్లుండవు."

బ్రోకరు ఏదో అనబోయాడు. ఇంతలో ఫోను మోగింది. బిల్డరు. "వచ్చి నీ సంగతి తేలుస్తా" అన్నట్టు వేలు చూపించి పెరట్లోకి పరుగెత్తాడు.

ఆడవాళ్లిద్దరే మిగిలారు. అప్పటిదాకా నిటారుగా ఉన్న తల్లి నడుము సడలింది. నిద్రపోతున్న పిల్లను ఎత్తుకుని, చాపలు చంకన పెట్టుకుని ఎక్కడెక్కడో తిరుగుతున్నట్టు కళ్లముందు కనిపించింది.

"నేనేదీ కల్పించి చెప్పలేదమ్మా" అంది. "మీకూ పిల్లలు ఉండే ఉంటారు. ఇన్ని విన్నాక కూడా ఈ ఇల్లు కొంటారా?"

వంటింటి కొళాయి చుక్కచుక్కగా కారుతోంది. పెరట్లో బ్రోకరు "అయిపోయినట్టే సార్, ఆవిడకి తెగ నచ్చేసింది" అంటున్నాడు. తల్లికి అడిగిన మాట వెనక్కి తీసుకోవాలనిపించింది, తీసుకోలేదు. ఆవిడ కళ్లలోకి అలాగే చూస్తూ నిలబడింది.

ఆవిడ ఒకసారి పెరటివైపు తొంగిచూసింది. మెరిసే సంచి పక్కన పెట్టి, సోఫాకి ఆమడ దూరంలో, గోడకు ఆనుకుని చతికిలబడింది. అప్పుడు నోరు విప్పింది.

"మెట్ల దగ్గర చెప్పిన ముక్క ఇంకోసారి చెప్పక్కా, సరిగ్గా నోటికి రాలేదు. నువ్వు కొనేవాళ్లని హడలగొడతావని విని, అరువు బట్టల్లో వచ్చాను. కాలవ అవతల అమ్మకానికి పెట్టిన ఇంట్లో మేమూ ఇలాగే ఉంటున్నాం, రేపు మా ఇల్లు చూడ్డానికి వస్తున్నారు!"