తొమ్మిదో కప్ప

నెలాఖరులోగా చేయాల్సిన పనులను సింధూజ నోటుపుస్తకం అట్ట మీద రాసుకుంది.

వాగు నీళ్ళు ఆరు సీసాలకు పట్టాలి. రోజూ తెల్లవారుజామున కప్పల అరుపులు లెక్కపెట్టాలి. ఆ లెక్కను డిపార్ట్‌మెంటులోని పాత రిజిస్టరుతో సరిచూడాలి. కల్వర్టు మీద కూర్చునే ముసలాయనను పంపించెయ్యాలి.

మొదటి మూడూ రీసెర్చి గైడు మహేశ్వరి మేడం చెప్పినవి. నాలుగోది సింధూజ తనంతట తాను చేర్చుకున్నది.

యూనివర్సిటీ వెనక పారే ఆ వాగు చచ్చిపోయిందనీ, సిమెంటు పలకలు కప్పేసి తార్నాక వైపు దారి వేయవచ్చుననీ యూనివర్సిటీ రోడ్ల కమిటీ అభిప్రాయం. అందులో ఇంకా ప్రాణముందని చూపించడానికి సింధూజ దగ్గరున్నవి కప్పలే. వాటి లెక్క ముప్పై ఏళ్ళపాటు రాసిన రిజిస్టరులో రాసినవారి పేరు లేదు. ఎవరో పాత స్కాలర్ అయి ఉంటారన్నారు మేడం.

రోజూ కల్వర్టు కింది కప్పే ముందు అరిచేది. తర్వాత మిగతావి ఒక్కొక్కటే అందుకునేవి. మొత్తం తొమ్మిది.

ముసలాయన వీపు ఇటు పెట్టి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. ఒకనాడు ఆమె టార్చి వేసినా తిరిగి చూడలేదు.

"లైటు బంద్ చెయ్ బిడ్డా. అవి నిన్ను చూస్తున్నయి."



"మీరు గీడ కూసుంటే నా లెక్క తప్పుతది తాతా."

"నాతోని ఒక్కటే తప్పుతది. గా ఒక్కటి తీసెయ్."

మతి చలించిన మనిషి అనుకుంది. గేటు దగ్గర సెక్యూరిటీ కుమార్‌కు చెప్పింది. మర్నాటి నుంచి ముసలాయన లోపలికి రాలేదు.

మర్నాటి నుంచి వాగూ పలకలేదు.

వాన పడింది. నీళ్ళు పెరిగాయి. అరుపు మాత్రం లేదు. టార్చి వేసి చూస్తే గట్టు పొడవునా జంటలు జంటలుగా కళ్ళు మెరిశాయి. అన్నీ ఖాళీ కల్వర్టు వైపే చూస్తున్నాయి.

పది రోజులు అలాగే గడిచాయి. తెల్లారితే కమిటీ వస్తుందనగా, సింధూజ రిజిస్టరు మళ్ళీ తీసింది. ఇన్నాళ్ళూ అంకెలే చూసింది. అట్ట వెనక చెమ్మకు అంటుకుపోయిన కాగితాన్ని ఇప్పుడు మెల్లగా ఊడదీసింది.

"ఒకటి అరవనిదే మిగతావి అరవవు. ముందు నేను అరవాలి. లెక్కలో నన్ను తీసెయ్యాలి."

ఉన్న పళంగా గేటుకు పరుగెత్తింది. కుమార్ తల దించుకున్నాడు. ఐదు నిమిషాలు లోపలికి పోనియ్యమని ముసలాయన మూడు తెల్లవారుజాములు వానలోనే నిలబడ్డాడట. తాను పోకుంటే అవి పలకవన్నాడట.

"పిచ్చోడనుకున్న మేడం. జొరం వచ్చి మొన్న ఆదివారం లాలాగూడల చచ్చిపోయిండంట."

శుక్రవారం తెల్లవారకముందే కమిటీ వాళ్ళు గొడుగులతో వచ్చారు. పావుగంట నిలబడ్డారు. వాగులో చడీచప్పుడూ లేదు.

"కప్పలకు ఇయ్యాల సెలవా అమ్మా?" అన్నాడు వాళ్ళలోని ఇంజనీరు. పక్కవాళ్ళు నవ్వారు.

సింధూజ వెళ్ళి ముసలాయన చోట కూర్చుంది. చిన్నప్పుడు పొలం గట్ల మీద తమ్ముణ్ణి నవ్వించడానికి అరిచినట్టు, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది.

ఏదీ పలకలేదు. ఇంకోసారి అరిచింది.

అవతలి గట్టున ఒకటి పలికింది. తర్వాత రెల్లుగడ్డిలో రెండు. ఆ తర్వాత వరసగా అన్నీ.

ఆమె వేళ్ళు మడిచింది. తన అరుపు కాక ఎనిమిది రావాలి.

తొమ్మిది వచ్చాయి.

తొమ్మిదోది సరిగ్గా ఆమె కాళ్ళ కిందనుంచి వచ్చింది. ఇంజనీరు వంగి తూములోకి టార్చి వేశాడు. నీళ్ళు తప్ప ఏమీ లేవు.

ఆయన కాగితం మీద తొమ్మిది అని రాసుకున్నాడు.

"ఒకటి తీసెయ్యాలె సార్," అంది సింధూజ.

పలకల పని ఆగిపోయింది. తార్నాక నుంచి ఆ వైపు వెళ్ళినప్పుడు కల్వర్టు దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఒకప్పుడు ఆ డిపార్ట్‌మెంటులో పగలంతా సీసాలు కడిగి, తెల్లవారుజామున వాగును పలికించి, రాసిన రిజిస్టరు మీద పేరైనా పెట్టుకోని ఆ ముసలాయనను, అటెండర్ బాలరాజును తలుచుకోండి.