మొగుళ్ల క్యూ

"ఆ కాయితం మీద సంతకం పెట్టినవనుకో, ఇగ నీ బతుకు బస్టాండే," అన్నాడు సత్యం.

దివాకర్ క్యూలో అరడుగు ముందుకు జరిగాడు. అతని ముందు ఇంకా ఎనిమిదిమంది మొగుళ్లున్నారు. తన పెళ్లిలో కూడా దివాకర్‌కి ఇంత చెమట పట్టలేదు.

అది అమెరికాలో ఫీనిక్స్ శివార్లలోని థాయ్ గుడి. థాయ్ కాన్సులేట్ వాళ్లు ఆ శనివారం గుడి హాల్లోనే బల్లలు వేసుకుని కూర్చున్నారు. దివాకర్ భార్య ప్లోయ్‌ది థాయ్‌లాండ్. అక్కడ వాళ్ల ఊళ్లో, పుట్టింటి పక్కనే, అర ఎకరం స్థలం అమ్మకానికొచ్చింది. అది కొని ఇల్లు కట్టుకోవాలని ఆమెకు ఎన్నేళ్ల నుంచో ఆశ. పరాయి దేశం వాడి పేరు మీద అక్కడ భూమి రాయరు. భార్య పేరు మీద కొనాలన్నా మొగుడు ఒక కాగితం మీద సంతకం పెట్టాల్సిందే.

'ఈ స్థలానికి పెట్టిన డబ్బంతా నా భార్య సొంతం. దీని మీద నాకు ఏ హక్కూ లేదు.'

అంతే. రెండే రెండు వాక్యాలు.

సాక్షి సంతకం కావాలని సత్యం దగ్గర నోరు జారడమే దివాకర్ చేసిన తప్పు. పక్కనే చాండ్లర్‌లో, కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఒకప్పుడు ఇద్దరివీ పక్కపక్క సీట్లు. సత్యం వేరే కంపెనీకి మారినా స్నేహం మాత్రం వదల్లేదు. సాక్షిగా రమ్మంటే, వారం రోజులు యూట్యూబ్ చూసి ఏకంగా లాయరై వచ్చాడు మహానుభావుడు.

"కాండో ఫ్లాట్ కొను. అదైతే నీ పేరు మీదనే ఇస్తరు."

"వాళ్లమ్మ పక్కనే ఉండాలంటోంది రా."

"పోనీ ముప్పై ఏండ్లకు లీజు రాయించుకో. లేకుంటే నువ్వు బతికున్నన్ని రోజులు ఆ ఇంట్ల ఉండే హక్కు రాయించుకో. అది గూడ రిజిస్టర్ చేస్తరంట."

"చూద్దాంలే."

"ఏంది చూసేది? రేపు తేడా వస్తే సూట్‌కేస్ పట్టుకొని రోడ్డు మీద నిలబడ్తవ్. ఇల్లరికం పోయినోడు నీకన్న నయం. కష్టపడి సంపాదించిన పైసల్రా అవి!"

దివాకర్ పక్కనే ఉన్న ప్లోయ్ వైపు చూశాడు. ఆమెకు తెలుగు రాదు. అయినా లీజు, రిజిస్టర్ అన్న మాటలు అర్థం కావూ? ఆమె ముఖంలో మాత్రం ఏమీ కనబడలేదు. ముంజేతి మీద నూనె చిట్లిన మచ్చలు రుద్దుకుంటూ నిలబడింది. ఆమెది చిన్న థాయ్ హోటల్. శనివారం మధ్యాహ్నం బేరం వదులుకుని వచ్చింది.

ముందున్న తెల్లాయన వెనక్కి తిరిగాడు. డెబ్బై ఏళ్లుంటాయి. వీళ్ల ముఖాలు చూసే సంగతి పసిగట్టేశాడు.

"ఫస్ట్ టైమా? కంగారు పడకు. ఇల్లు కట్టేది నా పెన్షన్‌తో. కాగితంలో మాత్రం మా ఆవిడ డబ్బు. ఈ లైన్లో మొగుళ్లందరం ఒకే అబద్ధం కింద సంతకం పెడతాం," అని పకపకా నవ్వాడు.

"విన్నవా?" అన్నాడు సత్యం. అతనికి ఇంకా ఊపొచ్చింది.

దివాకర్‌కి అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. ఎక్కడికని పారిపోతాడు? సంతకం పెట్టకపోతే ప్లోయ్ ఆశ మట్టిలో కలుస్తుంది. పెడితే తనకంటూ ఏమీ మిగలదని సత్యం పొద్దుట్నుంచీ నూటొక్కసారి చెప్పాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది అతని పని.

"నువ్వడగవు. నేనడుగుత ఆగు."

"ఒరే, వద్దురా..."

అప్పటికే సత్యం ప్లోయ్ వైపు తిరిగి ఇంగ్లీషులోకి దిగిపోయాడు. "సిస్టర్, ఏమనుకోకు. వీడు బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండేలా ఒక హక్కు రాసివ్వొచ్చు కదా? పెట్టేదంతా వీడి డబ్బే కదా!"

దివాకర్ సత్యం చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. అయిపోయింది, ఇంతటితో అంతా అయిపోయింది అనుకున్నాడు.

ప్లోయ్ అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత సత్యాన్ని చూసి నవ్వింది.

"అవును, అంతా ఈయన డబ్బే. ఈయన అడిగితే ఇవాళే రాసిస్తాను."

"సూసినవారా! సిస్టరే ఒప్పుకున్నది. అడుగు!"

అడిగితే వస్తుంది. ఒక్క మాట చాలు. దివాకర్ చెవులు సెగలు కక్కాయి.

"వద్దు," అన్నాడు. "నాకేమీ వద్దు."

"ఓరి పిచ్చోడా!"

ఇంతలో అతని వంతు వచ్చింది. బల్ల వెనకాలున్న ఆఫీసరమ్మ ఆ రెండు వాక్యాలూ ఇంగ్లీషులో పైకి చదివి, "ఇది నిజమేనా?" అనడిగింది. అందరినీ అడిగే ప్రశ్నే.

"నిజమే," అన్నాడు దివాకర్ తల వంచుకుని. సంతకం వంకరగా పడింది.

సత్యం నెత్తి కొట్టుకుంటూనే సాక్షి సంతకం గీకాడు. "నీ అసుంటి అమాయకుణ్ణి నేనేడ సూడలె. సోమవారం లంచ్‌కి మీ ఆఫీస్‌కొస్త, కూసొని మాట్లాడుదాం."

"సోమవారం... మీటింగులున్నాయి రా."

ప్లోయ్ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకుంది. అందరూ చూస్తుండగానే మొగుడి చొక్కా కాలర్ సరిచేసింది.

ఆ రోజు ఆ క్యూలో సంతకం పెట్టిన తొమ్మిదిమంది మొగుళ్లలో నిజం చెప్పినవాడు, ఉద్యోగం పోయి మూడేళ్లుగా ప్లోయ్ హోటల్ మీద బతుకుతున్న దివాకర్ ఒక్కడే.