నెట్ తినేసేదెవరు?

"మీ గురించి మీరే చెప్పం—" అంటూ నోరు తెరిచిన పెద్దమనిషి, తెరిచిన నోరు తెరిచినట్టే బిగుసుకుపోయాడు.

కోడలు కంప్యూటర్‌ని తట్టింది. బతిమాలింది. ఆయన నోరు మూసుకోలేదు. ఇంతలో ఆమె ఫోన్ మోగింది.

"ఏమ్మా, మీరు కదలడం లేదు," అన్నాడు అదే పెద్దమనిషి.

"మీరే కదలడం లేదండీ!"

"సరే, ముందు మీ నెట్ సంగతి చూసుకోండి. ఈలోగా ఇంకొకర్ని ఇంటర్వ్యూ చేస్తాం. తర్వాత మీరే. అప్పుడూ ఇలాగే ఉంటే మాత్రం మేమేం చేయలేం."

అది లైబ్రరీలో ఉద్యోగం. పుస్తకాల మధ్య, ఎవరూ గట్టిగా మాట్లాడని చోట. ఆ ఇంట్లో ఉంటూ ఆమె కోరుకున్నదల్లా అదే.

హాల్లో టీవీ పక్కన నెట్ డబ్బా ఉంది. దాన్నుంచి పాకిన వైర్లు అత్తగారి కంప్యూటర్‌కి ఒకటి, మామగారికి ఒకటి, మొగుడికి ఒకటి, మరిదికి ఒకటి. మిగిలింది ఆమెది. ఆమె డబ్బా ముందు కూలబడి, ఫోన్‌లో ఉన్న కాస్త డేటాతో నెట్ కంపెనీ వాళ్లకి మెసేజ్ కొట్టింది.

"నమస్కారం మేడమ్. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ కనెక్షన్ నంబరు చెప్పగలరా?" ఆ రెండు ముక్కలు రావడానికే యుగం పట్టింది.

"నంబరు వెతికే తీరిక లేదు. ఇంటర్వ్యూ ఉంది. ముందు దారి చెప్పండి. మీరు కూడా ఇంత నెమ్మదేంటి?"

"ఈ రోజు మా దగ్గర కూడా స్లోగానే ఉంది మేడమ్. మీ ఇంట్లో ఇంకెవరైనా వాడుతున్నారా?"

"అందరూ!"

"అయితే ఒక్కొక్కరి వైరూ తీసి చూడండి. నెట్ తినేసేదెవరో తేలిపోతుంది."

ఆమె ముందు అత్తగారి వైరు పీకింది.

"అయ్యయ్యో, అమ్మాయ్! మా చెల్లి పోయింది!" అంటూ అత్తగారు పరుగున వచ్చింది.

"పోవడమేంటి అత్తయ్యా?"

"తెరమీంచి పోయిందే. పొద్దుట్నుంచి వీడియోలో ఉంది."

"పొద్దుట్నుంచీ ఏం మాట్లాడుకుంటున్నారు?"

"మాటలు ఎప్పుడో అయిపోయాయి. అది అక్కడ నిద్రపోతోంది, నేనిక్కడ బట్టలు మడతపెడుతున్నాను. తోడుగా ఉంటుందని పెట్టుకున్నాం."

తర్వాత మామగారి వైరు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని వచ్చాడు.

"ఎవరమ్మా ఆపింది? చదరంగంలో వాడి రాజుని మూలకి నెట్టాను. ఇప్పుడు వాడు నేను పారిపోయానంటాడు!"

"అరగంట ఓర్చుకోండి మామయ్యా."

"నేను ఓర్చుకుంటాను. నా పరువు ఓర్చుకోవద్దూ?"

మొగుడి వైరు పీకేముందు మాత్రం ఆమె కాస్త వెనకాడింది. ఆఫీసు మీటింగులో ఉన్నాడు మరి. అతను చెవిలో తీగలు వేలాడేసుకుని, మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"నువ్వేనా తీసింది? మా మేనేజర్ నన్ను తిట్టడానికి ఇప్పుడే గొంతు సవరించుకున్నాడు. దేవతవే నువ్వు! సాయంత్రం దాకా పెట్టకు."

ఆమె మళ్లీ మెసేజ్ కొట్టింది. "ముగ్గురివీ పీకేశాను."

"వెరీ గుడ్ మేడమ్!" ఈసారి జవాబు చకచకా వచ్చింది. "ఇప్పుడు చూడండి, మా దగ్గర కూడా బాగుంది. ఇంకెవరైనా మిగిలారా?"

"మా మరిది ఒకడున్నాడు. గదిలోంచి బయటికి రాడు. రోజంతా టకటకా కొడుతూనే ఉంటాడు. ఆటలే అయ్యుంటాయి."

"ఏమైనా ఉపయోగముందా అతనితో?"

"తినడం తప్ప ఏమీ కనిపించలేదు."

"ఇలాంటి వాడు ఇంటికొకడుంటాడు మేడమ్. ముందు పీకాల్సింది అతని వైరే!"

అయినా ఆమెకి మనసొప్పలేదు. వెళ్లి మరిది గది తలుపు కొట్టింది. "ఏమయ్యా, కాసేపు నెట్ ఆపుతావా? నాకు ఇంటర్వ్యూ."

"కుదరదు వదినా, చాలా ముఖ్యమైన పనిలో ఉన్నాను!" అన్నాడు లోపల్నుంచి. టకటక ఆగలేదు.

"వాడికి పనా!" అని అత్తగారూ మామగారూ ఒకేసారి నవ్వారు.

ఆమె డబ్బా దగ్గరికొచ్చి ఫోన్ చూసుకుంది. కంపెనీ వాళ్ల మెసేజ్ అప్పుడే వచ్చి ఉంది. "ఏం ఆలోచిస్తున్నారు మేడమ్? మొహమాటపడితే మీ ఉద్యోగం పోతుంది. మీ బదులు నేనుంటే ఎప్పుడో పీకేసేవాణ్ని. ధైర్యం చేయండి!"

ధైర్యం చేసింది. కంప్యూటర్ తెర మీద పెద్దమనిషి మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. బొమ్మ అద్దంలా ఉంది. నోరు కూడా చక్కగా మూసుకుంటోంది.

"ఆఁ, ఇప్పుడు చెప్పండమ్మా, మీ గురించి."

"నాకు ఓపిక ఎక్కువండీ. మా ఇంట్లో అందరూ నాకెంతో సహకరిస్తారు," అంటూ మొదలుపెట్టింది కోడలు, నవ్వుమొహంతో.

ధడాలున గది తలుపు తెరుచుకుంది. "వదినా, నెట్ ఎవరు పీకారు?" అంటూ మరిది లబోదిబోమని వచ్చాడు. "ఉద్యోగంలో చేరి వారం కూడా కాలేదు! ఒకావిడకి వాళ్ల మరిది వైరు పీకమని దగ్గరుండి ధైర్యం చెబుతున్నా, సరిగ్గా అప్పుడే..."