ఒంటిచేత్తో గుండీలు

"చొక్కా గుండీలు ఎవరు పెట్టారు?" ఏటా జరిగే పింఛను తనిఖీకి భార్యతో వచ్చినతన్ని డాక్టరు అడిగాడు.

"నేనేనండీ, ఒంటిచేత్తో! నేర్చుకోడానికి ఆర్నెల్లు పట్టింది." మిషన్లో కుడిచెయ్యి పోయిన ప్రెస్సు కార్మికుడు ఛాతీ విరుచుకున్నాడు.

"సొంత పనులు చేసుకోగలడు. పింఛను అక్కర్లేదు," అని డాక్టరు రాయబోయాడు.

"గొప్పలు పోతున్నాడండీ! రోజూ నేనే పెడతాను." భార్య గాభరాగా అడ్డుపడింది.

"ఏదీ, ఒక గుండీ విప్పి మళ్ళీ పెట్టమను."

అతను భార్య మొహంలోకి చూశాడు. గుండీని మూడుసార్లు కావాలనే జారవిడిచాడు.

"అదీ! ముందే చెప్పొచ్చుగా!" డాక్టరు మొహం విప్పారింది. కాగితం మీద ముద్ర గుద్దాడు.

వరండాలోకి రాగానే అతను కాండ్రించి ఉమ్మాడు. భార్య ముందు చొక్కా తెరుచుకుని నిలబడ్డాడు.

"పెట్టవే. ఇక రోజూ నువ్వే పెట్టు. వచ్చే ఏడాదికి నాకు నిజంగానే చేతకాకూడదు."