ముఖం కనపడని ఫొటో

"ఏమ్మా తయీసియా, మీ జింకల తివాచీ బజారెక్కిందే! ఫ్యాక్టరీ క్లబ్బులో ఫొటో పెట్టారు, పోయి చూడు!"

పక్కింటి క్లావా మెట్లమీదే ఆపి మరీ చెప్పింది.

తయీసియా ఆ ఉరల్ కొండల చలిలో టోపీ అయినా పెట్టుకోకుండా ఫ్యాక్టరీ క్లబ్బుకు పరుగెత్తింది.

నిజమే. ఫొటోల ప్రదర్శన. గోడంత ఫొటోలో ఒక కుర్రాడు అటు తిరిగి చేతికి మత్తుమందు సూది గుచ్చుకుంటున్నాడు. ముఖం లేదు. ఎదుటి గోడకు మాత్రం జింకల తివాచీ, దాని మూల తయీసియా ఎర్ర ఊలుతో వేసిన మాసిక.

ఆ వీపు తన కొడుకు రొదియోన్‌ది.

పైన పెద్ద అక్షరాలు: ‘మన ఊళ్ళో హెచ్.ఐ.వి.’

ఫొటోలు తీసిన ఉల్యానా అక్కడే దొరికింది.

"ముఖం చూపించనని ఒట్టేశావు కదే!"

"చూపించలేదు పిన్నిగారూ..."

"ముఖం దాస్తే సరా? ఆ మాసిక ఎవరిదో మా ఇరుగుపొరుగందరికీ తెలుసు! ఏడాదిగా నా వంటింట్లో కూర్చుని నా సూపు తాగి, తిన్నింటి వాసాలే లెక్కపెట్టావు కదే!"

ఉల్యానా తెల్లబోయింది.

"నాకు తట్టలేదు పిన్నిగారూ. తప్పయిపోయింది. ఇప్పుడే తీసేస్తాను."

"ఇంక తీస్తే ఎంత, ఉంచితే ఎంత! మళ్ళీ నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!"

వారం తిరక్కుండా తయీసియాకు బడి వంటశాలలో పని పోయింది.

"పిల్లలు తినే తిండి కదమ్మా, ఏమనుకోకు" అన్నారు.

ఆ కోపమంతా తెచ్చి కొడుకు మీద కుమ్మరించింది తయీసియా.

"దాన్ని ఇంటికి తెచ్చింది నువ్వే కదరా. దాని దగ్గరికే పో!"

రొదియోన్ కోటు తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆకలేస్తే వాడే వస్తాడులే అనుకుంది. రాలేదు.

మంచు కరిగే రోజుల్లో ఎవరో పేరు చెప్పకుండా ఫోను చేశారు. రొదియోన్ పోయాడు, ఆస్పత్రికి రమ్మని.

అంటువ్యాధుల వార్డు గుమ్మంలో ఆయా అడ్డం నిలబడింది.

"ఎవరమ్మా మీరు?"

"రొదియోన్ తల్లిని."

"తల్లి ఉందా! ఎవరూ లేరన్నాడే?"

కన్నకొడుకు కూడా ఇంత మాట అన్నాడా!

"అయితే... ఒంటరిగానే పోయాడా?"

"ఒంటరిగా ఎందుకు? పెళ్ళాం పక్కనే ఉంది కదా!"

"మావాడికి పెళ్ళెక్కడిదమ్మా? ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నారో!"

"అయ్యో, నా కళ్ళముందే జరిగింది. సొంతవాళ్ళని తప్ప లోపలికి పంపం. మొదట ఆ పిల్లనీ ఇక్కడే ఆపేశాను. ఊరుకుందా? పెళ్ళిళ్ళ రిజిస్ట్రారును వెంటబెట్టుకొచ్చింది! మంచం పక్కనే పెళ్ళి. ‘ఇప్పుడు ఆపండి చూద్దాం’ అంది నాతో. ఇక తినిపించడం, ఒళ్ళు తుడవడం, అన్నీ తనే. కడుపున పుట్టినవాళ్ళు కూడా చెయ్యరు. పుణ్యం చేసుకున్నారమ్మా, అలాంటి కోడలు దొరకాలంటే..."

తయీసియా ఆయాను తోసుకుంటూ లోపలికి వెళ్ళింది.

చల్లబడిన రొదియోన్ తల ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా జుట్టు దువ్వుతూ కూర్చుంది ఉల్యానా.