ముప్పై ఆరో పేజీ

"దొంగ ఎవురో తెలీకుండా నాకి నిద్దర పట్టదు నాయనా. ఈ పొద్దు ఒక్కసారి పోయి సూడు."

మునిరత్నం కూతురి ముఖంలోకి చూశాడు. పందొమ్మిదేళ్ల రూపశ్రీ ఆస్పత్రి దుప్పటి కింద ఉందా లేదా అన్నట్టుంది. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పి పది రోజులైంది. ఇలాంటప్పుడు పిల్లను వదిలి, నవల చివరి కాగితం కోసం నాలుగో రోజూ ఊళ్లు పట్టుకు తిరగడమేమిటని అతని బాధ. కానీ తల్లి లేని పిల్ల. నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

రూపశ్రీకి చిన్నప్పటి నుంచీ నవలల పిచ్చి. చిత్తూరులో శ్రీనివాసులు అద్దె పుస్తకాల షాపే ఆమెకు రెండో బడి. ఆడపిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యే కథలు, పల్లెటూళ్లో చిల్లర దొంగలను పట్టుకునే డిటెక్టివ్ నవలలు తెగ చదివేది. చదివిందే మళ్లీ తెచ్చుకోకుండా అక్కడి పాఠకులు పుస్తకంలో తలా ఒక గుర్తు పెట్టుకునేవాళ్లు. రూపశ్రీ గుర్తు ముప్పై ఆరో పేజీ అడుగున మూడు చుక్కలు, పక్కన తేదీ.

ఆస్పత్రికి వచ్చాక, పెరిగి పెద్దయ్యే పిల్లల నవలలు ముట్టుకోలేదు. వార్డు మూలన ఎవరో దానమిచ్చిన పుస్తకాల పెట్టె ఉంది. అది తెప్పించుకుని, అన్నీ తిరగేసి, అట్ట లేని డిటెక్టివ్ నవల ఒకటి ఏరుకుంది. పట్టుకునే ఓపిక లేదు. బెల్లం మండీలో మూటలు మోసే మునిరత్నం తన అయిదో తరగతి చదువుతో కూడబలుక్కుంటూ చదివి వినిపించాడు. ఊళ్లో ఊరగాయ జాడీలు మాయమవుతుంటాయి. పోస్టుమాస్టరమ్మ దొంగను వెతుకుతుంటుంది. తీరా దొంగ పేరు చెప్పే చోట చివరి కాగితం లేదు.

"సుక్కలు పెట్టేదా?" అన్నాడు పెన్సిలు తీసి.

"ఆఖరు తెలీకుండా పెట్టకూడదు నాయనా. ఇంకో కాపీ యాడన్నా ఉంటాది, ఎతుకు. పోతా పోతా టిఫిను తిను. ఏం తిన్నావో వచ్చినాక నాకి సెప్పాల."

మూడు రోజులు తిరిగాడు. తిరుపతి పాత పుస్తకాల షాపులు, చంద్రగిరి లైబ్రరీ, ఎక్కడా లేదు. ఉసూరుమంటూ వచ్చేసరికి రూపశ్రీ ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని నవ్వుతూ ఉండేది.

నాలుగో రోజు, శ్రీనివాసులు షాపు ఎత్తేసి ఐరాల చేరాడని తెలిసింది. పరుగున వెళ్లాడు. ముసలాయన గోతాలన్నీ విప్పి, దుమ్ము దులిపి, పుస్తకం చేతిలో పెట్టాడు. చివరి కాగితం భద్రంగా ఉంది.

"ఇంకా సదువుతా ఉండాదా పాప? నా షాపులో ఒక్క పుస్తకం వదల్లేదప్పా ఆ పిల్ల!"

తిరుగు బస్సులో చివరి పేజీ చదివాడు. జాడీలు దాచింది పోస్టుమాస్టరమ్మే! "అమ్మ దొంగా!" అని పైకే నవ్వాడు. వెంటనే చెప్పకూడదు, కాసేపు ఊరించాలి అనుకున్నాడు.

వార్డులో కూతురి మంచం మీద దుప్పటి ముఖం దాకా కప్పి ఉంది.

పక్క మంచం రోగికి తోడున్న వరలక్ష్మమ్మ ఎదురొచ్చింది.

"మధ్యాన్నం రెండింటికి పోయిందన్నా. ఫోన్ సేస్తా ఉంటే నువ్వు ఎత్తలేదే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు గడప దాటితే సాలు, దిండు కరుసుకొని ఒకటే అరుపులు. నువ్వు వచ్చే టయానికి నా సేత మొగం కడిగించుకొనేది, బొట్టు పెట్టించుకొనేది."

ఆ మాటలు మునిరత్నం తలకెక్కలేదు.

"కాసేపు ఆగలేకపోతివే తల్లీ!" అని గుండెలు బాదుకున్నాడు. బిడ్డ చివరి చూపు దక్కలేదు. దొంగ పేరైనా తెలియకుండానే పోయిందే అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒక్క కాగితం కోసం ఊళ్లు తిరిగిన తన కాళ్లను తానే తిట్టుకున్నాడు.

చాలాసేపటికి కన్నీళ్లు తుడుచుకుని, దుప్పటి పక్కకు తీసి, కూతురి చెవి దగ్గర కూర్చున్నాడు. చివరి పేజీ చదివాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు.

పుస్తకం అయిపోయింది. ఇక బిడ్డ తరఫున తనే చుక్కలు పెట్టాలి. పెన్సిలు తీసి ముప్పై ఆరో పేజీ తిప్పాడు.

అక్కడ అప్పటికే మూడు చుక్కలున్నాయి, పక్కనే ఏడో తరగతి రూపశ్రీ గుండ్రటి చేతిరాతలో ఏడేళ్ల కిందటి తేదీ.