కుర్చీతో కొట్టాడని రాసిచ్చింది

“పెళ్లికొడుకులా ముస్తాబు చేసి తెచ్చారే!” అక్క నున్నగా దువ్వి తెచ్చిన తమ్ముడి పాపిట చూసి నర్సు నవ్వింది.

చిన్నాచితకా కేసుల్లో పట్టుబడిన మానసిక రోగులను జైలుకు పంపకుండా వైద్యం చేయడానికి మునిసిపాలిటీ తెరిచిన ఆసుపత్రి అది. మంచాల మీద పసుపు పూల దుప్పట్లు చూసి అక్క ముఖం విప్పారింది.

కేసు కాగితం చదువుతూ నర్సు నవ్వు ఆపేసింది. “మిమ్మల్ని కుర్చీతో కొట్టాడని రాసిచ్చారా?”

“కేసుంటేనే మంచం ఇస్తారని ఎవరో చెప్పారు మేడమ్. అందుకని...”

“కిటికీ అద్దం పగలగొట్టాడని రాసినా సరిపోయేదమ్మా. మనిషిని కొట్టినవాళ్లను మేం తీసుకోం. జైలుకే పంపాలి.”

“అయ్యో, అది అబద్ధం! వీడు చీమ కనిపించినా పక్కకి తప్పుకుంటాడు. ఇంకో కాగితం రాసిస్తాను.”

“కోర్టుకి వెళ్లిపోయిందమ్మా,” వెంట వచ్చిన కానిస్టేబుల్ తల దించుకున్నాడు. “జడ్జిగారు మీ మాట వినేసరికి ఆర్నెల్లు. అప్పటిదాకా లోపలే.”

తమ్ముడు అక్క నుదుటిని వేళ్లతో మెల్లగా తడిమాడు. “నాకు గుర్తు రావట్లేదక్కా. ఎక్కడ తగిలింది?”

“నువ్వు కొట్టలేదురా! నేనే అలా రాశాను.”

అతను కానిస్టేబుల్ పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

“ఊరుకో అక్కా. నువ్వెప్పుడూ అబద్ధం చెప్పవుగా.”